ఓడిన సీసా

సారా తాగి రోడ్డు మీద పడిపోయిన వాళ్ళను నా సర్వీసులో వందలమందిని లేపి జీపులో కూర్చోబెట్టాను. వాళ్ళలో ఒక్కడు కూడా తాను తాగిన సరుకు ఎలా ఉందో నాకు ఉపన్యాసం ఇవ్వలేదు. తాగాడు, పడ్డాడు, అంతే. సోమవారం మధ్యాహ్నం రెండు గంటలకు తిలక్ ఇంటి హాల్లో నా చేతికిచ్చిన కాగితం మీద మాత్రం ఇలా రాసి ఉంది: "నేరేడు పండు, కొత్త తోలు, తొలి వానకు తడిసిన ఎర్రమట్టి. నోట్లో కాసేపు నిలుస్తుంది. ఇరవైకి పన్నెండు."

సీసా ధర ఆరువందల ఇరవై రూపాయలు.

"ఎర్రమట్టి రుచి నీకెట్ల తెలుసప్పా? తిన్నావా?" అన్నాను.

"అది ఒక ఫీలింగమ్మా," అన్నాడు తిలక్. నలభై రెండేళ్ళ మనిషి. హోసూరులో స్పేర్ పార్టుల ఫ్యాక్టరీ నడుపుతూ ఇరవైమందికి జీతాలిస్తున్నాడు. ఆదివారమైతే మాత్రం బుద్ధిని అటకెక్కించి కూర్చుంటాడు. "మామూలు జనం కొనుక్కునే వైన్లు మేము ఇంట్లోనే రుచి చూసి, మార్కులేసి, వీడియో పెడతాం. ఏడువందలు దాటిన సీసా మా గడప తొక్కదు. జనానికి ఉపయోగం కదా."

"జనం వచ్చి అడిగినారా?"

తిలక్ కిటికీ వైపు చూశాడు. అడగలేదన్నమాట.

నా పేరు కెంపమ్మ. ముప్పై ఒక్క ఏళ్ళు పోలీసు ఉద్యోగం చేసి హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాను. ఇప్పుడు బాగలూరు రోడ్డులో టైలరు షాపు మీద గది తీసుకుని డిటెక్టివ్ పని చేస్తున్నాను. ఆ రోజు నాకు ఐదు గంటల వరకే టైముంది. ఐదింటికి ఈ ఇంటి వంటమనిషి మునిలక్ష్మమ్మను అరెస్టు చూపించి కోర్టుకు తీసుకుపోతారు. ఆలోపల ఆమె విషం కలపలేదని తేల్చకపోతే, యాభై మూడేళ్ళ ఆ మనిషి మిగిలిన బతుకంతా జైల్లో గడపాలి. స్టేషన్లో కానిస్టేబుల్ అంబిక ఒకప్పుడు నా కింద పని చేసిన పిల్ల. పొద్దున్నే ఆమే నాకు కబురు పెట్టింది. నేను పోయేసరికి మునిలక్ష్మమ్మ నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. సాయంత్రానికి బయట ఉంటావు అని మాటిచ్చి వచ్చాను.

జరిగింది ఇదీ. తిలక్, పూల వ్యాపారి గోపీనాథ్, జవళగిరి రైతు సుబ్బరాయప్ప, ఈ ముగ్గురూ ప్రతి ఆదివారం తలా ఒక సీసా తెస్తారు. తిలక్ భార్య కావ్యశ్రీ వంటింట్లో మూతలు తీసి, సీసాలకు మూతి దాకా పాత పేపరు చుట్టి, ఒకటి, రెండు, మూడు అని నంబర్లు అంటిస్తుంది. ఏది ఎవరిదో తెలియకుండా తాగి మార్కులు వేయాలట. ఆఖరున వచ్చిన సీసా ఎవడిదో వాడికి శిక్ష. ఆ సీసాలోనుంచి నిండు గ్లాసు పోసుకుని, ముక్కు మూసుకుని, ఒక్క గుక్కలో తాగాలి. తక్కిన ఇద్దరూ చప్పట్లు కొట్టాలి. ముగ్గురి వయసూ కలిపితే నూటా యాభై ఒకటి. సిగ్గు మాత్రం ఎంత కూడినా సున్నానే.

నిన్న పన్నెండూ నలభై ఐదుకు రుచి చూడడం మొదలైంది. ఒంటి గంటకు మూడు సీసాలూ అయ్యాయి, ఎవరికీ ఏమీ కాలేదు. సీసాలు వంటింట్లోకి పోయాయి. వీళ్ళు నోళ్ళు పుక్కిలించి కబాబులు తిన్నారు. ఒంటిగంటా పావుకు సీసాలు మళ్ళీ హాల్లోకి వచ్చాయి, మార్కులు చదివారు, రెండో నంబరు ఓడిపోయింది. అది సుబ్బరాయప్పది. ఒకటీ ఇరవై ఐదుకు ఆయన శిక్ష గ్లాసు తాగాడు. ఒకటీ నలభైకి నురగలు కక్కుతూ నేల మీద పడ్డాడు. తోటలకు కొట్టే పురుగుల మందు అని డాక్టర్లు తేల్చారు.

మనిషి గట్టి పిండం, చావలేదు. ఈ మధ్యాహ్నం పన్నెండింటికి ఐసీయూ నుంచి వార్డుకు మార్చారు. మాట ఇంకా పెగల్లేదు. ఆయన భార్య మంజులమ్మ మంచం పక్కనుంచి కదలడం లేదు, చుట్టాలను కూడా దగ్గరికి రానివ్వడం లేదు. పొద్దున నేను పోతే నన్నూ గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడింది.

సీసాలు హాల్లోకి వచ్చినప్పటి నుంచి ఆయన పడిపోయేదాకా తిలక్ ఫోను వీడియో తీస్తూనే ఉంది. నాలుగుసార్లు చూశాను. ఎవరూ ఏ సీసాలోనూ, గ్లాసులోనూ ఏమీ కలపలేదు. అంటే విషం పడింది ఒంటి గంటకూ ఒంటిగంటా పావుకూ మధ్య, వంటింట్లో. ఆ పదిహేను నిమిషాలు అక్కడ ఉన్నది మునిలక్ష్మమ్మ.

ఇంతవరకు ఇన్‌స్పెక్టర్ సుధీర్ బుర్రకు అందింది. తర్వాత ఆ బుర్ర భోజనానికి పోయినట్టుంది.

రెండూ పదికి సుధీర్ వచ్చాడు. కొత్తగా ఎస్సైగా చేరినప్పుడు ఇతనికి పంచనామా రాయడం నేర్పింది నేనే. ఇప్పుడు నేను కుర్చీలో కూర్చుని ఉండడం చూసి మొహం చిట్లించాడు.

"ఏమక్కా, రిటైరైనా నీకు తీరిక దొరకలేదా?"

"మీరు కేసులు సరిగ్గా చూసేదాకా నాకు తీరిక యాడిది సార్?"

"చూసేదానికి ఏముండాది? వంటిల్లు ఆమెది. సీసాలు మోసింది ఆమె. జవళగిరిలో ఆమె మొగుని రెండెకరాలు సుబ్బరాయప్ప గ్రీన్‌హౌస్ కిందికి పోయినాయి. కోర్టులో కూడా ఆమే ఓడిపోయింది. ఇంకేం కావల్ల నీకు?"

"భూమి తగాదా ఉండేవాళ్ళంతా విషం పెడతారంటే ఈ జిల్లాలో తళి నుంచి పోచంపల్లి దాకా జైలు కట్టాల సార్. నేను ఒకటే అడుగుతా. విషం వంటింట్లోనే పడింది, సరే. అప్పటికి మార్కులు చదవనేలేదు. ఏ సీసా ఓడిపోతుందో, ఆ గ్లాసు ఎవురు తాగుతారో, వేసినవాళ్ళకు ఎట్ల తెలుసు?"

సుధీర్ టోపీ తీసి టేబుల్ మీద పెట్టాడు.

"ఆ సీసా ఓడిపోతుందని ముందే తెలిసినవాళ్ళే ఈ పని చేసుండాల. వంటామెకు ఈ మార్కుల గోల ఏం తెలుసు సార్? వైనుకూ ద్రాక్షరసానికీ తేడా తెలీదు ఆమెకు. ముందే తెలిసినోడు ఒకడే. ఓడగొట్టినోడు."

వంటింట్లోకి కావ్యశ్రీ నాతో వచ్చింది. ఆ ఇంట్లో తాగనిదీ, గట్టిగా మాట్లాడనిదీ ఆమె ఒక్కతే. సుధీర్ చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు, నేనేదో గారడీ చేయబోతున్నట్టు.

మునిలక్ష్మమ్మ పొద్దున నాతో చెప్పిన మాట ఒకటుంది. "ఒంటిగంట దాటి ఐదారు నిమిషాలై ఉంటుందమ్మా. గోపీనాథయ్య లోపలికొచ్చి ఐస్ అడిగినాడు. నేను ఫ్రిజ్ పక్కకు తిరిగినాను. గ్లాసులో వేసిచ్చినాను, తీసుకొని పోయినాడు." ఇదే మాట సుధీర్‌కూ చెప్పిందట. అతను రాసుకోలేదు. గోపీనాథ్ అయితే తాను బాత్రూముకు పోయానే కానీ వంటింట్లో అడుగు పెట్టలేదని ప్రమాణం చేస్తున్నాడు. బాత్రూము తలుపు వంటింటికి సరిగ్గా ఎదురుగా ఉంది. రెండు అంగలు.

సీసాలు పెట్టిన గట్టు కిటికీ కింద. ఫ్రిజ్ అవతలి మూల. ఫ్రిజ్ తెరిచి నిలబడితే వీపు సీసాల వైపు. ఫ్రీజర్ లాగి చూశాను. ఐస్ ట్రే ఖాళీ, ఎండిపోయి పొడిపొడిగా ఉంది. నా మనసు ఎగిరి గంతేసింది.

"చూసినారా సార్? ఐస్ అంతా అయిపోయింది."

కావ్యశ్రీ, "అది కాదమ్మా, మా ఇంట్లో..." అని ఏదో అనబోయింది.

"నువ్వుండమ్మా కాసేపు," అన్నాను. నా కళ్ళు అప్పటికే గట్టు మీది స్టీలు గిన్నె మీద ఉన్నాయి. అందులో మూడు మూతలున్నాయి. మూడూ రేకు మూతలు, మర తిప్పి తీసేవి. పోలీసులు సీసాలు పట్టుకుపోయి మూతలు వదిలేశారు. పంచనామా నేర్పినందుకు నాకే తలవంపులు.

"కార్కు ఉండే సీసా ఒక్కటీ లేదా?" అని కావ్యశ్రీని అడిగాను.

"ఆరువందలకు కార్కు ఎవురిస్తారమ్మా? నిన్న మూడూ తిప్పుడు మూతలే. మూతి దగ్గర మర కనబడితే ఏ సీసానో కనుక్కుంటారని అంతవరకు పేపరు చుట్టమంటాడు ఈయన."

మూడు మూతలూ రుమాల్లో కట్టుకుని హాల్లోకి వచ్చాను. అప్పటికి గోపీనాథ్‌ను పిలిపించారు. నలభై ఎనిమిదేళ్ళు, ఇస్త్రీ మడత చెడని చొక్కా. బెంగళూరులో రెండు రోజుల వైన్ కోర్సు చేసి, ఆ సర్టిఫికెట్టుకు ఫ్రేము కట్టించి ఆఫీసులో దేవుడి పటం పక్కన తగిలించినవాడు. సుబ్బరాయప్ప గులాబీలు మొన్నటిదాకా ఇతనే కొనేవాడు. పోయిన నెల నుంచి ఆయన ఇంకొకరికి అమ్ముతున్నాడు.

"ఏమప్పా గోపీనాథ్, నిన్న రెండో నంబరు సీసాకు తిలక్ పద్నాలుగు ఇచ్చినాడు. సుబ్బరాయప్ప పందొమ్మిది ఇచ్చినాడు. నువ్వు మూడు ఇచ్చినావు. ఏం లోపం కనిపించింది నీకు?"

"కార్కు చెడింది. కాగితంలో రాసినాను కదా," అన్నాడు. "మీకు చెప్పినా అర్థం కాదులేమ్మా."

"చెప్పప్పా, నేర్చుకుంటా. ఈ వయసులో నాకు అదొక్కటే తక్కువైంది."

అంతే. మనిషి ఉబ్బిపోయాడు. "కార్కుకు ఒక రకం బూజు పడుతుంది. ఆ చెడు వైనులోకి దిగితే తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది. నూటికి తొంభైమంది కనుక్కోలేరు. నాకు గ్లాసు ముక్కు దగ్గర పెట్టగానే తెలిసిపోతుంది. దానికి శిక్షణ కావల్ల."

"రెండు రోజుల శిక్షణ."

"రెండు రోజులైనా పద్ధతిగా నేర్చుకున్నాను."

"నిన్న రెండో నంబర్లో ఆ కార్కు వాసన వచ్చింది. ఖాయమేనా?"

"ఖాయంగా వచ్చింది. రాసి సంతకం పెట్టినాను."

రుమాలు విప్పి మూడు మూతలూ టేబుల్ మీద వరసగా పెట్టాను. "ఇందులో కార్కు యాడుందో చూపించప్పా."

గోపీనాథ్ మూతలు చూశాడు. తిలక్‌ను చూశాడు. తిలక్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, నవ్వాపుకోలేక. స్నేహితుడు ఆసుపత్రిలో మాట పెగలకుండా పడున్నాడు, అనుమానితుడు ఎదురుగా ఉన్నాడు, ఈయనకు నవ్వొస్తోంది. ఈ ముగ్గురి స్నేహం విలువ కూడా ఏడువందల లోపే.

"నీకు ఏ వాసనా రాలేదు," అన్నాను. "నోట్లో పడగానే తియ్యగా తగిలింది. తియ్యని సీసా తెచ్చేది సుబ్బరాయప్ప ఒక్కడే. అది మీకందరికీ తెలుసు. పేపరు కాదు కదా, దుప్పటి చుట్టినా దాగదు. మార్కులు అందరికంటే చివర చదివేది నువ్వు. వాళ్ళవి విని కూడికేసుకున్నావు. ఒకటో నంబరుకు ముప్పై ఏడు, మూడో నంబరుకు ముప్పై ఎనిమిది. రెండో నంబరుకు నీ మూడుతో కలిపి ముప్పై ఆరు. ఒక్క మార్కు తేడాతో ఆ గ్లాసు ఆయన చేతికొచ్చింది. అంతకుముందే వంటింట్లోకి పోయి ఆమెను ఐస్ అడిగినావు, ఆమె వీపు తిప్పింది."

"నేను వంటింట్లోకి పోనేలేదు! మార్కులంటారా, అది నేనెప్పుడూ..."

"ఎప్పుడూ కథలు చెప్తానంటావా? అది తెలుస్తానే ఉండాది."

సుధీర్ ఆ మూతల్లో ఒకదాన్ని తీసి వేళ్ళ మధ్య తిప్పాడు. తన మనుషులు వదిలేసిన మూత అది. పై అధికారికి ఏం చెప్పాలో లెక్క చూసుకుంటున్నాడు. చివరికి మూడూ ఐదుకు ఫోను తీశాడు.

"అంబికా, ఆ వంటామెను ఇంటికి పంపించేయి. రేపొచ్చి స్టేట్‌మెంటు ఇమ్మను."

నాకు కలిగిన సంతోషం దాచుకోలేదు, ఎందుకు దాచుకోవాలి? వాళ్ళందరి ముందరే మంజులమ్మకు ఫోను చేశాను. "మునిలక్ష్మమ్మ తప్పేమీ లేదమ్మా, వదిలేసినారు. అసలువాడు దొరికినాడు. నువ్వు ధైర్యంగా ఉండు," అన్నాను. అవతల ఆమె బావురుమని ఏడ్చి, దేవుడు నిన్ను చల్లగా చూడాల అంది. సుధీర్ వినాలనే గట్టిగా మాట్లాడాను.

"సంబరం తర్వాత చేసుకుందువులే అక్కా," అన్నాడు సుధీర్. "ఒక్క ఆదివారం మార్కులు పట్టుకొని కోర్టుకు పోతే లాయరు నవ్వుతాడు. పాత మార్కులు చూపించు. ముందంతా బాగా వేసి నిన్న మాత్రం తగ్గించినాడంటే, అప్పుడది కేసు."

మొదటిసారి ఈ మనిషి పోలీసులా మాట్లాడాడు. గోపీనాథ్‌కు ఉరి ఇంకాస్త బిగిద్దామని నేనే తిలక్‌ను నోటుబుక్కు అడిగాను. అతను బీరువాలు వెతికి తెచ్చేసరికి మూడున్నర దాటింది. నల్ల అట్ట, బంగారు అంచు. లోపల ఎర్రమట్టి, తోలు, పొగాకు, పుట్టగొడుగులు. వీళ్ళు ద్రాక్ష తప్ప అన్నిటి రుచీ కనిపెట్టారు.

పోయిన వారం పేజీ తీశాను. సుబ్బరాయప్ప సీసాకు గోపీనాథ్ రాసింది: "పిల్లల దగ్గు సిరప్. మూడు." ఆ ముందు వారం: "జామ్‌లో నీళ్ళు. రెండు." దాని ముందు: "పానకం. మూడు." నేను పేజీలు తిప్పుతూ పోయాను. పదకొండు ఆదివారాలు. ఒక్కసారి కూడా మూడు దాటలేదు. పదకొండుసార్లూ ఓడింది సుబ్బరాయప్పే. పదకొండుసార్లూ శిక్ష గ్లాసు తాగింది ఆయనే.

"అదే కదమ్మా చెప్పబోయింది," అన్నాడు గోపీనాథ్, ఏడుపు గొంతుతో. "తియ్యటిది నాకు వైను కింద లెక్కే కాదు. నేనెప్పుడూ మూడుకు మించి వేయలేదు. ఏదో ఒక వంక రాస్తాను. ఆయన నవ్వుకుంటా తాగుతాడు. ఎప్పుడూ ఆయనే తాగేది."

ఎప్పుడూ ఆయనే. అంటే ఓడే సీసా ఏదో తెలుసుకోవడానికి మార్కులతో పనే లేదు. ఈ ఇంట్లో నాలుగు ఆదివారాలు కళ్ళు తెరుచుకుని ఉన్న ఎవరికైనా తెలుస్తుంది. ఏ సీసాకు ఏ నంబరో, అవి అంటించేది కూడా వంటింట్లోనే.

"కావ్యశ్రీ, నిన్న శిక్ష గ్లాసు ఎవరు తెచ్చినారు?" అని అడిగాను.

"మునిలక్ష్మమ్మే. ఎప్పుడూ ఆమేనమ్మా. సీసాలు తెచ్చేటప్పుడే ఆ పెద్ద గ్లాసు కూడా తెచ్చి సుబ్బరాయప్ప ముందర పెట్టేస్తుంది. మార్కులు చదవకముందే. ఈయన కూడా నవ్వుతాడు, జడ్జిమెంటు ముందే వచ్చేసిందని."

"నిన్న కూడా?"

"నిన్న కూడా. వీడియోలో ఉంటుంది కదా."

ఉంటుంది. నాలుగుసార్లు చూశాను నేను ఆ వీడియో. ముగ్గురు మగవాళ్ళ చేతులు చూశాను, కావ్యశ్రీ చేతులు చూశాను. గ్లాసు తెచ్చి పెట్టిన చేతిని చూడలేదు. వంటమనిషి చెయ్యి కదా, నా కంటికి ఆనలేదు. వీళ్ళనందరినీ వెధవలని పొద్దుటి నుంచి తిట్టుకుంటున్నాను. నాకంటే పెద్ద వెధవ ఆ హాల్లో లేదు.

"ఐస్ సంగతి కూడా అప్పుడే చెప్పబోయినాను," అంది కావ్యశ్రీ మెల్లగా. "మీరు నన్ను ఉండమన్నారు. వైనులో ఐస్ వేసేవాళ్ళను గోపీనాథన్న తిడతాడని మా ఇంట్లో ఐస్ పెట్టి రెండేళ్ళైంది. ఆ ట్రే ఊరికే ఉండాది."

స్టేషనుకు ఫోను కలిపాను. టైము మూడూ యాభై ఐదు.

"మూడూ ఇరవైకే పంపించేసినాం మేడం," అంది అంబిక. "ఇంటికి పోలేదు. ముందు సుబ్బరాయప్పను చూసి పోతాననింది. ఆటో దొరకలేదంటే మన జీపులోనే ఆసుపత్రి దగ్గర దింపించినాను. దారిలో హోటల్ దగ్గర ఆపమనింది అంట. మీ మనిషి కదా అని ఆపినారు."

సుధీర్ అప్పటికే జీపు వైపు పరిగెత్తాడు. నేను మెట్లు దిగుతూనే మంజులమ్మ నంబరు నొక్కాను. మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి ఎత్తింది. వెనక గిన్నెల చప్పుడు, ఎవరో టోకెన్ నంబరు పిలుస్తున్నారు.

"మంజులమ్మా, యాడుండావు?"

"కింద క్యాంటీన్లో ఉండానమ్మా. నిన్నటి నుంచి నా నోట్లో మెతుకు పడలేదు కదా. మునిలక్ష్మమ్మ వచ్చి, నువ్వు పోయి తిను, నేను చూసుకుంటానని నన్ను పంపించింది. నువ్వు ఫోను చేసి చెప్పకపోయుంటే గడప కూడా తొక్కనిచ్చేదాన్ని కాదు."

"ఆయన దగ్గర ఇంకెవరున్నారు?"

"ఎవురూ లేరు, ఆమె ఒక్కతే. గంజి తెచ్చింది. నేనొచ్చేలోపల తాపుతాననింది."